బాహుబలి రెండవ భాగం: బలమూ, బలహీనతా

పాలారు ఒడ్డున రంగనాథస్వామి పవళించివున్న మన పళ్ళికొండ పేరులో కొండ లేదు. అరవంలో ఆ మాటకు శయనించిన అని అర్థం. అయినా మన తెలుగు చెవికి కొండే వినిపిస్తుంది. రెండు భాషల మధ్య కాపురం వుండే మనకు యిది అలవాటే. ఒకే మాట విని, ఒకే కథ చూచి, యింట్లో తలా ఒక అర్థం చెప్పుకొంటాము. “బాహుబలి” రెండు భాగాలనూ కలిపి 2025 అక్టోబరు 31న ఒకే చిత్రంగా మళ్ళీ విడుదల చేసిన తరువాత మా యింట జరిగిన వాదన కూడా అటువంటిదే.

రాజమౌళిగారి మొదటి భాగం 2015 జూలై 10న వచ్చింది. కట్టప్ప బాహుబలిని పొడిచాడని చెప్పి, యెందుకు పొడిచాడో చెప్పకుండా జనాన్ని యింటికి పంపారు. జవాబు కోసం 2017 ఏప్రిల్ 28 దాకా కాచుకోవలసి వచ్చింది. పూర్వం మదరాసులో విజయావారు “పాతాళభైరవి” (1951), “మాయాబజార్” (1957) తీసినట్లే, దీనినీ తెలుగు, అరవం రెండింటిలోనూ తీశారు. మా పిల్లలు హాలులో అరవంలో చూచారు. మా తల్లిగారు తరువాత టీవీలో తెలుగులో చూచారు.

మహాబలుడైన నాయకుని కథకు రెండవ భాగం తీయడం కష్టం. అమెరికావారి సూపర్‌మాన్ 1938లో బొమ్మల పుస్తకంలో పుట్టాడు. మన రామారావుగారు కూడా 1980లో తెలుగు “సూపర్‌మాన్” అయ్యారు. అంతటి బలవంతుణ్ణి ఒకసారి చూపించిన తరువాత యింకేమి చూపవలెను? మొదటి భాగంలోనే మన శివుడు శివలింగాన్ని పెకలించి భుజాన మోశాడు. రెండవసారి అంతకన్న పెద్ద బండ నెత్తించి లాభం లేదు. తెలిసినవారు చేసేది వేరు. అమెరికావారి సూపర్‌మాన్ రెండవ చిత్రంలో నాయకుడు ప్రేమకోసం తన శక్తినే వదలుకొంటాడు. 2004లో వచ్చిన స్పైడర్‌మాన్ రెండవ చిత్రంలో శక్తే అతణ్ణి వదలిపోతుంది. బలంతో తీరని చిక్కు తెచ్చిపెడితేనే బలవంతుని కథ పండుతుంది.

“బాహుబలి” రెండవ భాగం గొప్పదనం అక్కడే వున్నది. మదమెక్కిన యేనుగును లొంగదీసినవాడు, ఒకేసారి మూడు బాణాలు సంధించడం దేవసేనకు నేర్పినవాడు, తల్లి యిచ్చిన మాట ముందు చేతులు కట్టుకొని నిలబడవలసి వచ్చింది. దేవసేన పటం చూచి భల్లాలదేవుడు కోరగానే శివగామి మాట యిచ్చేసింది. ఆ పిల్లను అడగలేదు, కొడుకు మనసు తెలుసుకోలేదు. నిండుసభలో బాహుబలి దేవసేన పక్షాన నిలిచి సింహాసనం పోగొట్టుకొన్నాడు. యుద్ధాలన్నిటికన్న యీ సభా ఘట్టమే మాకు గొప్పగా తోచింది. అనుష్క, రమ్యకృష్ణ, ప్రభాస్ ముగ్గురూ అక్కడ సరిజోడు.

మా యింట వాదన పుట్టింది కూడా అక్కడే. మా తల్లిగారు శివగామి పక్షం.

“పెద్దవాళ్ళు మాట యిచ్చి వెనక్కు తీసుకొంటే పరువేముంటుందే?” అన్నారు.

“ఆ పిల్లను అడిగి మాట యిచ్చివుంటే సరిపోయేది గదా అవ్వా!” అన్నది మా అమ్మాయి.

మా తల్లిగారు కాసేపు మాట్లాడలేదు. తరువాత, “నన్నూ యెవరూ అడగలేదులే” అని లేచి వెళ్ళారు. ఆమెను పురిటినాడే మేనమామకు యిస్తామన్నారు, యిచ్చారు. యిన్నేళ్ళలో ఆ సంగతి ఆమె నోట మేము వినడం అదే మొదలు.

యిక లోపాలు. అంత న్యాయం తెలిసిన శివగామి, కొడుకుపై నేరం మోపగానే ఒక్కసారైనా పిలిచి విచారించక చంపమని ఆజ్ఞ యిస్తుంది. కట్టప్ప ప్రశ్నకు జవాబు కుదరడానికే ఆమె చేత అట్లా తొందరపడించినట్లున్నది. పూర్వకథ ముగిసి కుమారుడు మహేంద్ర బాహుబలి వంతు రాగానే చిక్కుముడి యేమీ వుండదు, యుద్ధమే మిగులుతుంది. తాటిచెట్లను వంచి, వాటితో సైనికులను కోటగోడ మీదుగా విసరడం చూచి హాలులో పిల్లలు చప్పట్లు కొట్టారు, పెద్దలు నవ్వారు.

అన్నిటికన్న పెద్ద లోపం అవంతిక. మొదటి భాగంలో కత్తిపట్టి పోరాడిన పిల్లకు రెండవదానిలో నాలుగు మాటలైనా లేవు. రెండు భాగాలను కలిపి కుదించినప్పుడు ఆమె ప్రేమకథనే చాలవరకు కత్తిరించారు, కథకు నష్టమేమీ రాలేదు. అంటే మొదటినుండీ ఆమెను కథలో గట్టిగా ముడివేయలేదన్నమాట. ఆడపిల్లను అడిగి మాట యివ్వవలెనని చెప్పిన చిత్రమే యీ ఆడపిల్లను మాట్లాడనివ్వకపోవడం విచారకరం.

అయినా ప్రపంచమంతటా వేయికోట్ల రూపాయలకు పైగా వసూలు చేసిన మొదటి భారతీయ చిత్రం మన భాషవారిది కావడం మనకు గర్వకారణమే. మాకు కలిగిన లాభం మాత్రం వేరు. మా చెల్లెలి కుమారునికి మా అమ్మాయిని యివ్వమని రెండేళ్ళుగా అడుగుతున్నారు. పొంగలికి మాట యిచ్చేద్దామని అనుకొన్నాము. ఆ రాత్రి తరువాత ఆగాము. ముందు అమ్మాయిని అడిగాము. ఆలోచించి చెబుతానన్నది. మా చెల్లెలికి కొంచెం కోపం వచ్చింది. మా తల్లిగారే ఫోను చేసి సర్దిచెప్పారు.

పాఠకులకు ఒక మనవి. మీ పిల్లలు యే భాషలో చూచినా సరే, చూచిన తరువాత యింట్లో పెద్దవారితో కూర్చోబెట్టి వాదించనివ్వండి. మా అమ్మాయి చిత్రం చూచింది అరవంలోనే అయినా అవ్వతో వాదించింది తెలుగులోనే.