గోపాలపూర్: పూరీ సందడికి దూరంగా ఒక సముద్రతీరం

ఒడిశా సముద్రతీరం అనగానే మనవారికి మొదట స్ఫురించేది పూరీ క్షేత్రమే. జగన్నాథుని దర్శనం, సముద్రస్నానం, స్వర్గద్వారం దగ్గరి అంగళ్లలో బేరసారాలు, తిరుగు రైలు కోసం పరుగు: ఇంతటితో యాత్ర ముగుస్తుంది. రథయాత్ర రోజులలోను, దసరా సెలవులలోను అక్కడ గది దొరకడమే దుర్లభం. ఆ ప్రయాణంలో పుణ్యం ఉండవచ్చును గాని విశ్రాంతి మాత్రం ఉండదు. అలల చప్పుడు వింటూ రెండు మూడు రోజులు ఊరకే కూర్చుండాలని కోరుకునేవారు అదే తీరంలో నైరుతి దిశగా రావలసి ఉంటుంది. గంజాం జిల్లాలోని గోపాలపూర్ అటువంటి చోటు.

అక్కడికి చేరుకోవడం మనవారికి పూరీ కంటె సులభం. పూరీకి వెళ్లే రైళ్లు ఖుర్దారోడ్డు వద్ద ప్రధాన మార్గాన్ని విడిచి పక్కకు తిరుగుతాయి. బరంపురం మాత్రం మద్రాసు - హౌరా ప్రధాన మార్గం మీదనే ఉన్నది. మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి జన్మించిన ఆ పట్టణం నుండి గోపాలపూర్ సుమారు 16 కిలోమీటర్లు. బస్సులు, ఆటోలు ధారాళంగా తిరుగుతాయి. ఇచ్ఛాపురం వైపు నుండి వచ్చేవారికి బరంపురం గంట ప్రయాణం కూడా కాదు.

ఈ ఊరి ప్రశాంతత ఏనాటి నుండో ఉన్నదని చాలామంది భ్రమపడతారు. వాస్తవం వేరు. ఒకప్పుడిది సందడి గల రేవు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉండేది. ఆ కాలంలో గోపాలపూర్ నుండి రంగూనుకు ఓడలు నడిచేవి. బర్మా బియ్యం ఇటు వచ్చేది; గంజాం, శ్రీకాకుళం ప్రాంతాల కూలీలు అటు వెళ్లేవారు. నాటి బర్మాలో తెలుగువారిని కోరంగీలని పిలిచేవారు. యానాం చెంతనున్న కోరంగి రేవు పేరు అది. ఆ కోరంగీలలో ఈ తీరం నుండి ఓడ ఎక్కినవారు కూడా ఉన్నారు.

అయితే గోపాలపూర్ సహజమైన రేవు కాదు. ఓడలు ఒడ్డుకు రాలేవు. కొంత దూరంలో లంగరు వేసుకొని నిలిచేవి. మనుషులను, సరకులను అలల మీదుగా ఓడ వద్దకు చేర్చినవి మసూలా పడవలు. ఆ పడవల పలకలను మేకులు కొట్టి బిగించరు, కొబ్బరి పీచు తాళ్లతో కుట్టుతారు. మేకులతో బిగించిన పడవ అల దెబ్బకు పగిలిపోతుంది. కుట్టిన పడవ కొద్దిగా వంగి ఆ దెబ్బను సహిస్తుంది. వాటిని నడిపినవారు తెలుగు మత్స్యకారులు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో రంగూను జపానువారి వశం కావడంతో ఆ ఓడల రాకపోకలు స్తంభించాయి. ఆ పాత రేవు మరల కోలుకోలేదు. నేడు యాత్రికులు ఫోటోలు తీసుకునే పాత గోడలు ఆ వ్యాపారపు శిథిలాలే. ఊరు కోల్పోయిన జీవనాధారమే నేటి యాత్రికునికి ప్రశాంతతగా లభిస్తున్నదన్నమాట.

వసతికి లోటు లేదు. 1914లో ఒక ఇటలీ దేశస్థుడు నెలకొల్పిన పామ్ బీచ్ హోటలు తరువాత ఒబెరాయ్ సంస్థ చేతికి వచ్చింది. ఇప్పుడు మేఫెయిర్ పేరుతో నడుస్తున్నది. అది ఖరీదైన విడిది. సామాన్య గృహస్థులకు పర్యాటక శాఖవారి పాంథనివాసం, తీరం వెంబడి చిన్న హోటళ్లు ఉన్నాయి. ఆదివారం సాయంత్రం బరంపురం జనమంతా ఇక్కడికే వస్తారు. డిసెంబరు చివరి వారంలో ఇది పూరీకి తీసిపోదు. కాబట్టి వారం మధ్యలో రావడం ఉత్తమం.

ఇక అతి ముఖ్యమైన విషయం సముద్రం. జనం తక్కువగా ఉన్న తీరం భద్రమైన తీరమని అనుకోవడం పెద్ద పొరపాటు. ఇక్కడ ఒడ్డు ఏటవాలుగా ఉండి, నాలుగు అడుగులు వేయగానే లోతు పెరుగుతుంది. అలలు దాదాపు ఒడ్డు మీదనే విరుగుతాయి. వాటితో వచ్చి పడిన నీరు తిరిగి లోనికి పోవాలి గదా! అది తీరమంతటా సమానంగా వెనుకకు పోదు; ఇసుకలో పల్లంగా ఉన్న ఇరుకు దారులు వెదకుకొని, అక్కడ వేగంగా లోనికి లాగుకొని పోతుంది. అటువంటి చోట అల విరగదు, నురుగు కనిపించదు, నీరు నిలకడగా ఉన్నట్లు తోస్తుంది. పిల్లలతో వచ్చిన తల్లిదండ్రులు శాంతంగా ఉన్నదని భావించి సరిగా ఆ చోటునే ఎంచుకుంటారు.

ఆ ప్రవాహంలో చిక్కినవారు ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోయి మునిగిపోతారు. ఈత వచ్చినవారు ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. ఆ ప్రవాహం వెడల్పు ఎక్కువ ఉండదు గనుక దానిని దాటగానే అలలే ఒడ్డుకు చేరుస్తాయి. ఈత రానివారు బెదరక తేలుతూ చేయి ఎత్తి పిలవాలి. ఒడ్డున ఉన్నవారు ఆవేశంతో నీటిలోకి దూకరాదు. తాడో, తేలే వస్తువో విసిరి సహాయానికి మనుషులను పిలవాలి. ఒకరిని రక్షించబోయి ఇద్దరు పోయిన సంఘటనలు మన తీరాలలో తరచుగా వినబడుతూనే ఉంటాయి. ఈ సంగతులు ప్రయాణానికి ముందే పిల్లలకు బొమ్మ గీసి చెప్పడం మంచిది. చీకటి పడిన తరువాత నీటిలో దిగనే కూడదు.

ఎక్కడ దిగవచ్చునో చెప్పగలవారు నొలియాలు. తెలుగు మత్స్యకారులకు ఒడియా నాట ఉన్న పేరు ఇది; వీరిలో వాడబలిజలు అధికం. పూరీలో కోసుగా ఉన్న టోపీ ధరించి, యాత్రికుల చేయి పట్టుకొని అలలలోకి దింపేవారు కూడా వీరే. పూరీలోని పెంటకోట తెలుగు మత్స్యకారుల వాడ అన్న సంగతి అక్కడికి వెళ్లే తెలుగు యాత్రికులలో అనేకులకు తెలియదు. గోపాలపూర్‌లో తెల్లవారుజామున తీరానికి వెళితే ఆ భాష చెవిన పడుతుంది. పడవలు అలలు దాటి ఒడ్డెక్కడం, వలలు దులపడం, అక్కడికక్కడే వేలంపాట, అన్నీ తెలుగులోనే. బరంపురం బజారులో చేపలమ్మే స్త్రీ ఒడియాలో ధర చెప్పి, పక్కనున్న కూతురితో తెలుగులో మాట్లాడుతుంది. ఆ కూతురు బడిలో చదివేది ఒడియా. తన ఇంటి భాషకు అక్షరాలు ఉన్నాయని తెలిసినా వాటిని రాయడం రాని పిల్లలు ఈ తీరమంతటా ఉన్నారు. చందువలు, కానాగంతలు, కవళ్లు, నెత్తళ్లు అన్న మాటలు మాత్రం వారి నోట చెక్కు చెదరలేదు. వంజరం ధర తెలుగులో అడిగితే ముఖం విప్పారుతుంది. ధర తగ్గుతుందని మాత్రం ఆశించరాదు.

వలలు ఆరవేసిన చోట చెప్పులతో నడవడం, అడగకుండా ఫోటోలు తీయడం వారికి నచ్చదు. యాత్రికునికి విహారస్థలమైనది వారికి పని చేసుకునే చోటు.

గోపాలపూర్‌కు ఈశాన్యంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఋషికుల్యా నది సముద్రంలో కలుస్తుంది. ఆలివ్ రిడ్లే జాతి సముద్ర తాబేళ్లు ఫిబ్రవరి, మార్చి నెలలలో అక్కడికి గుంపులుగా వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. శాస్త్రజ్ఞులు ఈ స్థలాన్ని 1994లో గుర్తించారు గాని, అక్కడి మత్స్యకారులకు అది అంతకు ముందే తెలుసు. 2023లోను, 2025లోను 6 లక్షలకు మించి వచ్చాయి. కొన్ని సంవత్సరాలలో సామూహికంగా రానే రావు. వీటి రక్షణ నిమిత్తం ప్రతి సంవత్సరం నవంబరు 1 నుండి మే 31 వరకు నదీముఖం చుట్టూ సముద్రంలో 20 కిలోమీటర్ల మేర చేపల వేటను ప్రభుత్వం నిషేధిస్తుంది. అనగా తాబేలును చూచి మనం ఆనందించే నెలలలో దానికి మూల్యం చెల్లించేది ఆ పక్క పల్లెల నొలియా కుటుంబం. వాటిలో ఒకటైన పొడంపేటలో ఇళ్లు సముద్రపు కోతకు కూలిపోగా చాలా కుటుంబాలు వేరే చోటికి తరలిపోవలసి వచ్చింది కూడా.

గుడ్ల నుండి పిల్లలు వెలువడడానికి సుమారు 50 రోజులు పడుతుంది. రాత్రివేళ వెలుగు అధికంగా ఉన్న దిక్కే సముద్రమని తలచి అవి ఆ వైపు పాకుతాయి. ఒడ్డున విద్యుద్దీపాలు ఉంటే దారి తప్పి కుక్కలకు, కాకులకు ఆహారమవుతాయి. కాబట్టి ఆ ప్రాంతపు విడిదులలో దిగినవారు సముద్రం వైపు దీపాలు ఆర్పివేయాలి, తాబేళ్ల మీద టార్చి వేయరాదు. అటవీశాఖవారు గాని, ఊరి యువకులు గాని వెంట లేకుండా రాత్రిపూట అక్కడికి వెళ్లకపోవడమే మేలు.

ఏ నెలలో రావాలన్న ప్రశ్న మిగిలింది. నవంబరు మూడవ వారం నుండి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది. వానకాలంలో ఈ ప్రాంతపు చేల గట్ల మీద మొగలి పూస్తుంది. అత్తరుకు పేరుపడిన గంజాం మొగలి అదే. ఆ పరిమళం కోసం వచ్చేవారు అప్పుడు సముద్రాన్ని దూరం నుండే చూడాలి. అక్టోబరు తుపానుల నెల. 1999 అక్టోబరు 17న ఒక తీవ్ర తుపాను ఈ పరిసరాలలోనే తీరం దాటింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ సరిగా గోపాలపూర్ వద్దనే దాటింది. అప్పుడు ఒడిశాలో 10 లక్షల మందికి అటుఇటుగా ముందే సురక్షిత స్థలాలకు తరలించడం వలన ప్రాణనష్టం తగ్గింది. ఆ నెలలో గది తీసుకునేవారు, తుపాను హెచ్చరిక వస్తే డబ్బు తిరిగి ఇస్తారో లేదో హోటలువారిని ముందుగానే అడిగి తెలుసుకోవాలి. నొలియాలు పడవలను ఎత్తైన ఇసుక మీదికి లాగుతూ కనిపిస్తే, రేడియో కోసం ఎదురు చూడక సామాను సర్దుకొని బరంపురం బస్సు ఎక్కడం మంచిది.