ఎవరి మాటనైనను చదువు యంత్రము

రాయచూరు జిల్లా మాన్వి తాలూకాలో తుంగభద్ర ఎడమకాలువ నీరు పారు పొలములందు, కోస్తా జిల్లాలనుండి తరలివచ్చి క్యాంపులు కట్టుకొని స్థిరపడిన తెలుగు రైతులు పండించు సన్నబియ్యపు ప్రతిష్ఠ నెరుగనివారు లేరు. కాని, ఆ పైరుటాకులోని కణకణమునందును అహోరాత్రములు పనిచేయుచుండు రైబోజోమ్ అను సూక్ష్మయంత్రమును తలచువారు అరుదు.

ఈ యంత్రము వయస్సున జీవరాశి యంత పాతదే యైనను, మనుష్యుని కంటబడినది నిన్నమొన్ననే. 1955లో న్యూయార్కు రాక్‌ఫెలర్ సంస్థయందు జార్జి పాలాడి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో కణములోని ఈ నలుసులను చూచి వర్ణించెను. 1961లో నిరెన్‌బర్గు, మథాయి అను వారిరువురు ఒకే అక్షరము వరుసగా గల కృత్రిమ ఆర్.ఎన్.ఏ.ను కణరసమునకు అందింపగా, ఫినైల్ అలనైన్ అను ఒక్క అమైనో ఆమ్లమే గొలుసుగా వెలువడెను. హరగోవింద ఖొరానా మొదలగువారి కృషిచే 1966 నాటికి 64 త్ర్యక్షర సంకేతముల నిఘంటువు పూర్తియైనది. చిదంబరమున జన్మించిన వెంకట్రామన్ రామకృష్ణన్, స్టైట్జ్, అదా యోనాత్ 2000 ప్రాంతమున ఈ యంత్రపు అంగాంగనిర్మాణమును వెల్లడించి, 2009లో నోబెల్ బహుమానమును పంచుకొనిరి.

జన్యువు కేంద్రకము దాటి రాదు. దాని నకలుగా తయారైన వార్తాహర ఆర్.ఎన్.ఏ. మాత్రమే వెలుపలికి వచ్చును. రైబోజోమ్ దానిని మూడేసి అక్షరములుగా చదువుచు, రవాణా ఆర్.ఎన్.ఏ.లు మోసికొనివచ్చిన అమైనో ఆమ్లములను సెకనుకు అయిదారు చొప్పున గ్రుచ్చి మాంసకృత్తును అల్లును. ఆ ముడివేయు పని యంత్రములోని మాంసకృత్తులది గాక, దాని ఆర్.ఎన్.ఏ.దే యగుట నాకు అన్నిటికంటె వింతగా తోచును.

అయితే ఈ యంత్రమునకు స్వపరభేదము లేదు. కోతలకాలమున అద్దెకు తిరుగు యంత్రము తాను కోయునది ఎవరి చేనని అడుగనట్లే, రైబోజోమ్ తనకందిన సందేశము ఎవరి ప్రేరణచే పుట్టినదని విచారింపదు. వరికి బాక్టీరియా ఎండాకు తెగులు తెచ్చు జాంథొమొనాస్ సూక్ష్మజీవి ఈ లోపమునే కనిపెట్టినది. అది తన మాంసకృత్తులను వరికణములోనికి ఎక్కించును. అవి కేంద్రకము చేరి, చక్కెరను వెలుపలికి పంపు ద్వారమునకు సంబంధించిన జన్యువును మేల్కొల్పును. వరి రైబోజోములు ఆ సందేశమును నమ్మకముగా చదివి ద్వారములను నిర్మించును. ఆ చక్కెర శత్రువునకు ఆహారమగును.

బాపట్లలో రూపొంది, మాన్వి ప్రాంతమునందును వ్యాపించిన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, ఈ తెగులునకు సులభముగా లొంగును. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంచాలక కార్యాలయము కలసి, సంకరములవలనను జన్యుచిహ్నముల పరీక్షవలనను మూడు నిరోధక జన్యువులను అందు చేర్చి, 2008లో మెరుగుపరచిన సాంబ మసూరిని వెలువరించినవి. వానిలో ఎక్స్.ఏ.13 అనునది పైజెప్పిన జన్యువు తాళమునే మార్చినది గనుక శత్రువు తాళపుచెవి అందు పట్టదు. ఎక్స్.ఏ.5 మాంసకృత్తులో 39వ స్థానమున వేలిన్‌కు బదులు గ్లుటామిక్ ఆమ్లము చేరును. ఒక్క ఆమ్లపు మార్పు తెగులును అడ్డగించును! మూడవది, ఆఫ్రికా అడవివరినుండి వచ్చిన ఎక్స్.ఏ.21, శత్రువును గుర్తించు కాపలా మాంసకృత్తునకు సంబంధించినది.

మందు చల్లుటకంటె విత్తనమందే రక్షణ నుంచుట మేలని నా నిశ్చితాభిప్రాయము. ఏలయనగా, పొలమంతట వ్యాపించిన ఈ తెగులును తృప్తికరముగా మాన్పగల మందు రైతు చేతిలో లేదు.