పచ్చబొట్టుపై పచ్చబొట్టు!

గోదావరిఖని లాంటి బొగ్గుబాయి ఊళ్లలో కొందరు కార్మికుల చేతులమీద నీలి గీతలు కనిపించడం వింతేం కాదు. ఎవరూ పొడిచినవి కావవి. గాయంలో చిక్కుకున్న బొగ్గుపొడి, అది మానాక చర్మంలోనే ఉండిపోతుంది. నల్లపొడే అయినా లోతున ఉంటుంది కాబట్టి నీలంగా కనిపిస్తుంది. ఎంత రుద్దినా పోదు!

పచ్చబొట్టు కథా అంతే. సిరా చేరేది చర్మం లోపలి పొరలోకి. మరి ముచ్చటపడి పొడిపించుకున్న పేరే పెళ్లినాటికి ఇబ్బందైతే? దానిమీదే కొత్త బొమ్మ వేయించుకోవడం ఒక దారి. అయితే ఇది గోడకు సున్నం కొట్టినట్టు కాదు. కొత్త రంగూ అదే పొరకు చేరి పాతదాంతో కలిసిపోతుంది. అందుకే నలుపును లేతరంగు కప్పలేదు. పాతదానికన్నా పెద్దగా, ముదురుగా ఏ ఆకులో, ఈకలో గీసి అక్షరాలను వాటిలో కలిపేస్తారు.

ముందుగా లేజర్‌తో పాతదాన్ని కొంత పలచబరిస్తే పని తేలికవుతుంది. దానికి చర్మవైద్యుల దగ్గరికి చాలాసార్లే వెళ్లాలి. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడితే హెపటైటిస్-బి, హెచ్‌ఐవీ ముప్పు. కొత్త సూదిని కళ్లముందే విప్పమని అడగాలి. పుట్టుమచ్చలమీద మాత్రం వేయించుకోవద్దు. వాటిలో మార్పు వచ్చినా కనిపించదు.

ఎంత అందంగా కప్పినా పాత సిరా చర్మంలోనే ఉంటుంది. అందుకే... మొదటి పేరు పొడిపించుకునేముందే ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి!