మీకు తెలుసా? 30 ఎక్స్ అంటే ఎంత దగ్గర?

యెల్లోస్టోన్ నేషనల్ పార్కులో ఎలుగుబంటికీ తోడేలుకీ కనీసం 100 గజాల దూరంలో ఉండాలి. బైసన్‌కైతే 25 గజాలు చాలు. వేసవిలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని కారెక్కించుకుని అటు బయల్దేరే మనవాళ్లు కెమెరా కొనేముందు వేసుకోవాల్సిన లెక్క ఇక్కడే మొదలవుతుంది. 100 గజాలంటే 91 మీటర్లు. అంత దూరం నుంచి ఫోన్‌లోని మామూలు కెమెరాతో తీస్తే ఫ్రేములో దాదాపు 136 మీటర్ల వెడల్పు మైదానం పడుతుంది. ఇక ఎలుగుబంటిని "అదిగో, ఆ నల్లచుక్క" అని వేలు పెట్టి చూపించుకోవాల్సిందే. ఖరీదైన ఫోన్‌లో 120 మి.మీ. టెలిఫోటో ఉందనుకున్నా 27 మీటర్ల మైదానం వస్తుంది. జేబులో పట్టే ట్రావెల్ జూమ్ కెమెరా 720 మి.మీ. దాకా సాగితే మిగిలేది నాలుగున్నర మీటర్లే. రెండు మీటర్ల ఎలుగుబంటి అందులో ఇంచుమించు సగం ఆక్రమిస్తుంది. ఫోన్లు ఇంత ముదిరినా ఈ చిన్న కెమెరాలు ఇంకా బతికి ఉన్నాయంటే, నన్నడిగితే కారణం ఇదొక్కటే.

డబ్బా మీద 30 ఎక్స్ అని ఉంటే 30 రెట్లు దగ్గరగా చూపిస్తుందనుకోవద్దు. 24 మి.మీ. దగ్గర మొదలై 720 దగ్గర ఆగుతుంది కాబట్టి 30. అంతే, ఉత్త భాగహారం. పక్షుల ఫొటోలు తీసేవాళ్లు భుజాన మోసుకెళ్లే 100-400 మి.మీ. లెన్సు ఈ లెక్కన 4 ఎక్స్ మాత్రమే! చూడాల్సింది చివరి అంకె.

స్టిల్ కెమెరాకి మొట్టమొదటి జూమ్ లెన్సు రూపొందించిందెవరో తెలుసా? ఆస్ట్రియా నుంచి వచ్చి న్యూయార్క్‌లో స్థిరపడిన ఫ్రాంక్ బ్యాక్. 1959లో ఫోక్ట్‌లాండర్ జూమర్ పేరుతో వచ్చిన ఆ లెన్సు 36 నుంచి 82 మి.మీ. వరకే పనిచేసేది. ఇప్పటి భాషలో చెప్పాలంటే 2.3 ఎక్స్.

ఇక అసలు కిటుకు వెలుతురులో ఉంది. పానాసోనిక్ జెడ్‌ఎస్80 లాంటి కెమెరాలో లెన్సు 24 మి.మీ. దగ్గర ఎఫ్ 3.3. పూర్తిగా సాగదీస్తే ఎఫ్ 6.4. అంటే లోపలికొచ్చే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది. మిట్టమధ్యాహ్నం దీంతో పేచీ లేదు. కానీ యెల్లోస్టోన్‌లోని లామర్ లోయలో తోడేళ్లు కనబడేది ఎక్కువగా తెల్లవారుజామునా పొద్దుగూకే వేళా. 1995లో కెనడా నుంచి తెచ్చి మళ్లీ అడవిలోకి వదిలిన తోడేళ్ల వంశం అది. వాటి కోసం జనం చీకటితోనే లేచి రోడ్డు పక్కన నిలబడతారు. ఆ మసక వెలుతురులో 720 మి.మీ. దగ్గర కెమెరా ఐఎస్‌ఓని (వెలుతురుకి స్పందించే తీవ్రతని) అమాంతం పెంచేస్తుంది, దాంతో ఫొటోలో పుట్టే గింజల్ని తుడిచేసే పనిలో తోడేలు బొచ్చునీ తుడిచేస్తుంది. దూరం నుంచి ఫొటోలాగే ఉంటుంది. పెద్దది చేసి చూస్తే రంగులు పులిమినట్టుంటుంది.

అదే కంపెనీ 2018లో తెచ్చిన జెడ్‌ఎస్200లో సెన్సార్ వైశాల్యం జెడ్‌ఎస్80కి నాలుగు రెట్లు. లెన్సు చివర అదే ఎఫ్ 6.4 కాబట్టి సెన్సార్‌కి అందే వెలుతురూ నాలుగు రెట్లే. జూమ్ మాత్రం 360 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. మన ప్రయాణాల్లో తీసేవి ఎక్కువగా మనుషులూ సాయంత్రాలూ హోటల్ గదులూ కనుక నా ఓటు దీనికే. ఎలుగుబంట్ల కోసమే వెళ్లేవాళ్ల సంగతి వేరు.

20 మెగాపిక్సెల్స్ అని మురిసిపోయేవాళ్లకి ఇంకో మాట. ఎఫ్ 6.4 దగ్గర లెన్సు ఎంత మంచిదైనా ఒక్క బిందువంత కాంతి సెన్సార్ మీద ఎనిమిదిన్నర మైక్రాన్ల చుక్కగా పరుచుకుంటుంది. చిన్న సెన్సార్‌లో ఒక్కో పిక్సెల్ వెడల్పు 1.2 మైక్రాన్లు. అంటే ఒకే బిందువు ఏడు పిక్సెళ్ల మేర అలుక్కుపోయిందన్నమాట. ఇది కాంతి స్వభావం, ఏ కంపెనీ తప్పూ కాదు.

మెనూలో బారులు తీరే సదుపాయాల్లో సగం ఎవరూ ముట్టుకోరు. వ్యూఫైండర్ సంగతి అలా కాదు. అరిజోనా ఎండలో వెనక తెరమీద ఏమీ కనిపించదు. కంటికి ఆనించుకుని చూస్తే కనిపిస్తుంది, పైగా చేతులు వణకవు. జెడ్‌ఎస్80 తర్వాత 2025లో వచ్చిన జెడ్‌ఎస్99లో యూఎస్‌బీ-సీ ఇచ్చారు, వ్యూఫైండర్ తీసేశారు. నాకైతే గిట్టుబాటు బేరంలా అనిపించలేదు. అన్నట్టు, అమెరికాలో జెడ్‌ఎస్99 అని అమ్మేదే యూరప్‌లో టీజెడ్99. ధర పోల్చేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి.

జూమ్ ఎంతున్నా గాలి అడ్డుపడే చోట్లూ ఉన్నాయి. గ్రాండ్ కాన్యన్‌లో అవతలి అంచు సగటున పది మైళ్ల దూరం. మధ్యాహ్నం అటు జూమ్ చేస్తే కొండకన్నా ముందు ఆవిరిలా కదిలే వేడిగాలీ, పొగమంచులాంటి మసకా ఫొటోలో పడతాయి. వెయ్యి డాలర్ల లెన్సయినా చేయగలిగిందేమీ లేదు.

కాస్ట్‌కోలో కెమెరా కొంటే వాపసు ఇవ్వడానికి 90 రోజుల గడువుంటుంది. తెచ్చిన రోజు సాయంత్రమే, లైట్లు వెలిగే వేళకి పార్కింగ్ లాట్ ఈ చివర నిలబడి ఆ చివరి కారు నంబర్ ప్లేటు మీదికి పూర్తిగా జూమ్ చేసి పది ఫొటోలు తీయండి. ఆ పదింటిలో నంబరు చదవగలిగేవి ఎన్నో లెక్కపెట్టుకోండి. నచ్చి ఉంచుకుంటే, విమానమెక్కేటప్పుడు స్పేర్ బ్యాటరీని చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు. అది చేతి సంచీలోనే ఉండాలి.