ఇందిరమ్మ ఇల్లు కడుతున్నారా? స్లాబ్ పోయకముందే వైరింగ్ సంగతి చూసుకోండి

మొన్న ఒక ఊళ్లో గృహప్రవేశానికి పిలిస్తే వెళ్లాను. ఆ ఇంటి అమ్మ అడిగింది: "సార్, నీళ్ల హీటర్ పెడితే లైటు డల్ అయితుంది. కూలర్ ముట్టుకుంటే జిల్లుమంటది. కొత్త ఇల్లే కదా, ఎందుకిట్ల?"

చూస్తే మీటరు ఇంకా పాత ఇంటి గోడకే ఉంది. అక్కడి నుంచి సన్న వైరు సాగదీసి కొత్తింటికి తెచ్చారు. కూలర్ సాకెట్‌లో పైన ఉండే పెద్ద రంధ్రానికి ఎర్త్ వైరే లేదు. మొదటి తప్పు వల్ల లైటు డల్ అయింది. రెండోది ప్రాణం మీదికి తెచ్చేది. లబ్ధిదారులు ఈ రెండు విషయాలూ తెలుసుకోవాలి.

వైరు పొడవు ఎందుకు లెక్కపెట్టాలి?

పైపు పొడవు పెరిగితే చివరి నల్లాలో నీళ్ల ధార తగ్గినట్టే, వైరు పొడవు పెరిగితే చివరి సాకెట్‌లో వోల్టేజీ తగ్గుతుంది. మన దగ్గర సరఫరా 230 వోల్టులు. మీటరు నుంచి చివరి ప్లగ్ వరకు 5 శాతానికి మించి, అంటే సుమారు 11 వోల్టులకు మించి తగ్గకూడదు. లైట్లకైతే 3 శాతమే.

16 యాంప్స్ పవర్ ప్లగ్‌కు పూర్తి లోడు పడితే, రాగి వైరులో లెక్క సుమారుగా ఇలా ఉంటుంది:

• 2.5 స్క్వేర్ ఎం.ఎం. వైరు: 40 మీటర్ల వరకు. 30 మీటర్ల లోపు ఉంచుకుంటే నిశ్చింత.
• 4 స్క్వేర్ ఎం.ఎం. వైరు: 60 మీటర్ల వరకు. ఏసీ, గీజర్‌లకు ఇదే మేలు.
• 1.5 స్క్వేర్ ఎం.ఎం. వైరు: లైట్లు, ఫ్యాన్లకే. పవర్ ప్లగ్‌కు వాడొద్దు.

పొడవును గది కొలతతో కాకుండా వైరు వెళ్లే దారితో కొలవాలి. గోడ ఎక్కి, స్లాబ్‌లో నడిచి, మళ్లీ గోడ దిగుతుంది. 4 మీటర్ల దూరంలోని ప్లగ్‌కు 8, 9 మీటర్ల వైరు పట్టొచ్చు. 400 నుంచి 600 చదరపు అడుగుల ఇంట్లో మామూలుగా ఇబ్బంది రాదు. మీటరు దూరంగా ఉన్నా, పెరట్లో బాత్రూముకు, పశువుల పాకకు లైన్ లాగినా అప్పుడే సమస్య.

స్లాబ్‌లో వేసే పైపులు కాంక్రీటు పోసే ముందే వేస్తారు. కాబట్టి ఏ ప్లగ్ ఎక్కడో అప్పుడే తేల్చుకోండి. పైపులు పరిచాక ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత మేకు కొట్టేటప్పుడు పనికొస్తుంది.

ఎం.సి.బి. ఉంటే చాలదా?

చాలదు. ఎక్కువ లోడు, షార్ట్ సర్క్యూట్ నుంచి వైరును కాపాడేది ఎం.సి.బి. మనిషిని షాక్ నుంచి కాపాడేది 30 మిల్లీ యాంప్స్ ఆర్.సి.సి.బి. మీ ఇంటి ఎర్త్ గుంత నిరోధం 10 ఓమ్‌లు అనుకుందాం. కూలర్ బాడీకి కరెంటు తగిలితే భూమిలోకి పోయేది 23 యాంప్సే. దానికి 16 యాంప్స్ ఎం.సి.బి. వెంటనే పడదు. ఆర్.సి.సి.బి. మాత్రం క్షణంలో పడిపోతుంది.

కరెంటు ఇచ్చే ముందు ఏ పరీక్షలు అడగాలి?

1. ఎర్త్ కంటిన్యుటీ: ఎర్త్ గుంత నుంచి ప్రతి సాకెట్ పెద్ద రంధ్రం వరకు వైరు తెగకుండా ఉందా?
2. మెగ్గర్ టెస్ట్: బల్బులు తీసి, ఫ్యాన్లు, ఛార్జర్లు అన్నీ విడదీసి 500 వోల్టులతో చూడాలి. 1 మెగా ఓమ్‌కు తగ్గితే ఎక్కడో వైరు తొడుగు దెబ్బతిందనో, తేమ చేరిందనో అర్థం.
3. ఫేజ్ ఎటు ఉంది? సాకెట్‌కు ఎదురుగా నిలబడి చూస్తే కుడివైపు ఫేజ్, ఎడమవైపు న్యూట్రల్ ఉండాలి. స్విచ్ ఫేజ్ మీదే ఉండాలి.
4. కరెంటు ఇచ్చాక ఆర్.సి.సి.బి. మీది 'టి' బటన్ నొక్కాలి. వెంటనే పడాలి. తర్వాత నెలకోసారి మీరే నొక్కి చూసుకోండి.
5. హీటరో, ఇస్త్రీ పెట్టో పెట్టి మీటరు దగ్గర, చివరి ప్లగ్ దగ్గర వోల్టేజీ చూపించమనండి. తేడా 11 వోల్టులు దాటితే వైరు సన్నదో, జాయింటు వదులో.

మొదటి మూడూ మెయిన్ ఆపి చేసేవి. ఈ పరీక్షలు మీరు సొంతంగా చేయొద్దు. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చేయించి, రీడింగులు కాగితం మీద రాయించుకోండి.

ఈ తప్పు మాత్రం చేయనివ్వొద్దు

ఎర్త్ గుంత ఖర్చు మిగులుతుందని కొందరు సాకెట్‌లోనే న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపేస్తారు. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే కూలర్, ఫ్రిజ్ బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది. ఎవరైనా "ఏం కాదు" అన్నా ఒప్పుకోకండి.

వైరు కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు, ఐ.ఎస్. 694 నంబరు చూడండి. సర్కారు సాయం 5 లక్షలతోపాటు మీ కష్టార్జితమూ ఈ ఇంట్లో ఉంది. టైల్స్ తర్వాతైనా మార్చుకోవచ్చు, గోడలో వైరు మార్చడం కష్టం.

ఏదైనా వస్తువు ముట్టుకుంటే జిల్లుమంటే ముందు మెయిన్ ఆపండి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. స్తంభం, సర్వీస్ వైరు సమస్య అయితే 1912కు ఫోన్ చేయండి.