మాలదాసరి ఆగిన చోట

అలిపిరి పాదాల మండపం దగ్గర సాష్టాంగపడిన మాలదాసరి శిల్పం ఉంది. చాలామంది దాన్ని భక్తికి గుర్తుగా చూసి ముందుకు సాగుతారు. నాకు వేరే ప్రశ్న పుడుతుంది: ఆయన ఇక్కడే ఎందుకు ఆగాడు? అంటరానివారు కొండెక్కకుండా ఇక్కడే మొక్కి మళ్లేవారన్నది ఈ ప్రాంతపు జ్ఞాపకం. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆలయ ప్రవేశాన్ని అన్ని కులాల హిందువులకూ హక్కుగా చేసిన చట్టం 1947లో గానీ రాలేదు.

వేరే ఊరిలో పరిశోధన చేస్తున్న నా పూర్వ విద్యార్థి, తండ్రి పోయిన మూడో నెలలో నన్ను చూడటానికి వచ్చాడు. ఏటిసూతకమని కొండెక్కలేదు. ఆ మండపం పక్కనే కూర్చున్నాం. ‘నిద్ర పట్టదు సార్, పుస్తకం తెరవబుద్ధి కాదు. ఇది జబ్బేనా?’ అన్నాడు.

దుఃఖం జబ్బు కాదు. అది అలలుగా వస్తుంది, నలుగురి మధ్య కాస్త తెరిపి ఇస్తుంది. అయితే రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్రా ఆకలీ చెడటం, తాను పనికిరానివాణ్ననే భావం, చావు తలపులు కమ్ముకుంటే దాన్ని కుంగుబాటుగా అనుమానించి వైద్యుణ్ని కలవాలి. అతని మాటల్లో ‘పనికిరానివాణ్ని’ అన్నది పదేపదే వచ్చింది. ఎవరన్నారని అడిగాను. చాలాసేపటికి చెప్పాడు: రిజర్వేషన్ సీటు గురించి పర్యవేక్షకుడు అందరి ముందూ అన్న మాట అది. కౌన్సెలర్‌కు చెప్పావా అంటే, ఆ గదిలో కులం ఊసే రాలేదన్నాడు. ఒత్తిడిని తట్టుకోవడం నేర్చుకోమన్నారట!

ఇది ఒక్కడి కథ కాదు. ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థులపై వివక్షను థోరట్ కమిటీ 2007లోనే నమోదు చేసింది. 2016 జనవరి 17న రోహిత్ వేముల మరణం ఆ ప్రశ్నను వీధిలోకి తెచ్చింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కుల వివక్ష లేని చికిత్సను హక్కుగా చెప్పింది. విశాఖలో ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు మార్గదర్శకాలిచ్చింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులతో సున్నితంగా మెలిగేలా సిబ్బందికి శిక్షణ ఇవ్వాలన్నది అందులో ఒకటి.

మన ఉద్యమ మిత్రులతోనూ నాకొక పేచీ ఉంది. అవమానానికి మాత్రలేమిటని కొందరు వెక్కిరిస్తారు. కుంగుబాటుకు కారణం సమాజమే కావచ్చు, బాధపడేది మాత్రం మనిషి. న్యాయం వచ్చేదాకా అతను బతికి ఉండాలి కదా! టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా తెలుగులోనే ఫోన్ చేయవచ్చు. ఆ రోజు అతని చేత చేయించాను.

మందులు, మాటల చికిత్స మొదలయ్యాక అతనికి నిద్ర పడుతోంది. అతనిచ్చిన ఫిర్యాదుపై విచారణ ఇంకా మొదలుకాలేదు.