హరికేన్ సీజన్‌లో తెరచాప పడవ ప్రయాణం: ఫోన్‌లో ఏముండాలి, ఫోన్‌తో ఏం కాదు

అమెరికా తూర్పు తీరంలో పడవ ఉన్నవాళ్ళకి జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు ఒకటే టెన్షన్. అట్లాంటిక్ హరికేన్ సీజన్ అధికారికంగా ఆ ఆరు నెలలు. అందులో సెప్టెంబర్ 10 చుట్టుపక్కల రోజులు పీక్. సరిగ్గా ఆ నెలలోనే మా టీమ్‌లో సీనియర్ ఒకాయన తన 36 అడుగుల తెరచాప పడవని నార్త్ కరోలినాలోని ఓరియెంటల్ నుంచి వర్జీనియాలోని నార్‌ఫోక్‌కి తీసుకెళ్ళాలి. ఇక్కడి మెరీనా లీజు సెప్టెంబర్ 30తో అయిపోతుంది. ఆయనా, ఆయన భార్యా ఇల్లు ఖాళీ చేసి రెండేళ్ళుగా ఆ పడవలోనే కాపురం ఉంటున్నారు. అంటే తేడా వస్తే పోయేది పడవ ఒక్కటే కాదు, ఇల్లూ వాకిలీ మొత్తం. సాయానికి నేనూ వెళ్తున్నాను. "యాప్‌లు, గాడ్జెట్లు నీ డిపార్ట్‌మెంట్" అని ఆ పని నాకే అప్పగించారు.

యాప్‌ల లిస్ట్ తర్వాత ఇస్తాను. ముందు ఒక లెక్క చూడండి, అది లేకుండా ఏ యాప్ డౌన్‌లోడ్ చేసినా దండగే.

మన స్పీడ్ ఎంత, దాని స్పీడ్ ఎంత?

ఇలాంటి పడవ మామూలుగా 6 నాట్స్‌తో వెళ్తుంది. మేం వెళ్ళేది బయటి సముద్రంలో కాదు, ఇంట్రాకోస్టల్ వాటర్‌వే అనే లోపలి జలమార్గంలో. దీనికి నార్‌ఫోక్ దగ్గర మైలు 0 మొదలవుతుంది, అక్కడి నుంచి ఓరియెంటల్ సుమారు 180 మైళ్ళు. రాత్రిపూట నడపం కాబట్టి రోజుకి 50 మైళ్ళు అనుకుంటే నాలుగు రోజుల పని.

ఇప్పుడు తుఫాను సంగతి. నావికులు వాడే '1-2-3 రూల్' అని ఒకటుంది. అమెరికా నేషనల్ హరికేన్ సెంటర్, అంటే మయామీలోని ఎన్‌హెచ్‌సీ, తుఫాను కేంద్రం ఎక్కడుంటుందో అంచనా ఇస్తుంది. 24 గంటల తర్వాతి అంచనాకి 100 నాటికల్ మైళ్ళు, 48 గంటలదానికి 200, 72 గంటలదానికి 300 తప్పు ఉండొచ్చని పట్టుకుని, దానికి 34 నాట్స్ గాలి వీచే వ్యాసార్ధం కలపాలి. ఆ వృత్తంలోకి అడుగు పెట్టకూడదు. ఉదాహరణకి గాలి వ్యాసార్ధం 120 మైళ్ళు అనుకోండి. మూడో రోజుకి మనం తప్పించుకోవాల్సిన వృత్తం వ్యాసార్ధం 420 నాటికల్ మైళ్ళు. అదే మూడు రోజుల్లో మేం వెళ్ళగలిగేది 150 మామూలు మైళ్ళు!

అర్థమైందిగా? పరిగెత్తి తప్పించుకోవడం అనే ఆప్షనే లేదు. ఉన్నదల్లా అసలు బయల్దేరకపోవడం, లేదా దారిలో ఎక్కడున్నా ఒక రోజు ప్రయాణంలో దాక్కునే చోటు ఉండేలా చూసుకోవడం.

ఇదే తీరంలో రెండు తుఫానులు చూడండి. 2020 ఆగస్టు 3 రాత్రి ఇసయాస్ నార్త్ కరోలినాలో ఓషన్ ఐల్ బీచ్ దగ్గర తీరం దాటింది. ఒక్క రోజు తిరిగేసరికి కెనడాలోని క్యుబెక్‌లో ఉంది. సౌత్‌పోర్ట్ మెరీనాలో పడవలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. 2018 సెప్టెంబర్ 14న వచ్చిన ఫ్లోరెన్స్ దీనికి పూర్తిగా రివర్స్. రైట్స్‌విల్ బీచ్ దగ్గర తీరం దాటాక మనిషి నడిచేంత స్పీడ్‌తో కదిలి, కొన్నిచోట్ల 30 అంగుళాలకు పైగా వాన కురిపించింది. ఓరియెంటల్ ఉన్న న్యూస్ నది మీదే కాస్త పైన న్యూ బర్న్ అనే ఊరుంది, అక్కడ ఉప్పెనకి పడవలు వీధుల్లోకి వచ్చేశాయి. రెండూ కేటగిరీ 1 తుఫానులే. కాబట్టి యాప్‌లో కేటగిరీ నంబర్ చిన్నదిగా ఉందని రిలాక్స్ అవ్వొద్దు. ఉప్పెన అంటే ఏంటో దివిసీమ పేరు విన్న మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కేటగిరీ చెప్పేది గాలి వేగం ఒక్కటే, నీళ్ళ గురించి ఏమీ చెప్పదు.

ఏ స్క్రీన్‌ని నమ్మాలి?

విండీ యాప్ ఓపెన్ చేస్తే రంగురంగుల గాలులు తిరుగుతుంటాయి. అందంగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ అది చూపించేది ఒక మోడల్ ఒకసారి రన్ చేసిన ఫలితం మాత్రమే. అందులో యూరోపియన్ మోడల్ నుంచి అమెరికా జీఎఫ్ఎస్‌కి మార్చి చూడండి, పది రోజుల తర్వాతి తుఫాను ఒకదాంట్లో ఫ్లోరిడాలో, ఇంకోదాంట్లో నడి సముద్రంలో కనిపించవచ్చు. మా టీమ్ భాషలో చెప్పాలంటే అది ప్రొడక్షన్ కాదు, టెస్ట్ బిల్డ్. రెండూ కలిసి ఒకే మాట చెప్తున్నాయా లేదా అని చూడ్డానికి మాత్రం బాగా పనికొస్తుంది.

అసలు నిర్ణయం ఎన్‌హెచ్‌సీ వెబ్‌సైట్ మీదే. ఫ్రీ, యాడ్స్ ఉండవు, డిజైన్ మాత్రం పదిహేనేళ్ళ కిందటిది. పేజీ తేలిగ్గా ఉంటుంది కాబట్టి సిగ్నల్ ఒక్క గీత ఉన్నా లోడ్ అవుతుంది, పడవలో అదే పెద్ద ఫీచర్. ఏడు రోజుల ఔట్‌లుక్ రోజుకి నాలుగుసార్లు వస్తుంది. తుఫాను ఏర్పడే అవకాశం 40 శాతం లోపైతే పసుపు, 60 దాటితే ఎరుపు, మధ్యలో నారింజ. తుఫాను పుట్టాక ఉదయం 5, 11, సాయంత్రం 5, రాత్రి 11కి అడ్వైజరీ వస్తుంది. తీరానికి హెచ్చరికలు ఉంటే మధ్యలో మూడు గంటలకోసారి ఇంకోటి.

ఆ తెల్లటి కోన్ గురించి ఒక మాట. కోన్ బయట ఉన్నాం కాబట్టి సేఫ్ అనుకునేవాళ్ళు చాలామంది. కోన్ చూపేది తుఫాను కేంద్రం పోయే దారిని మాత్రమే, తుఫాను సైజుని కాదు. పైగా కేంద్రం కోన్ లోపల ఉండేది మూడింట రెండు వంతుల సార్లే. దాని బదులు అదే సైట్లో ఉన్న విండ్ స్పీడ్ ప్రాబబిలిటీ మ్యాప్ చూడండి, మనం ఉన్న చోట 34 నాట్స్ గాలికి ఎంత శాతం అవకాశమో నేరుగా చెప్తుంది.

ఏఐ కూడా వచ్చేసింది. గూగుల్ డీప్‌మైండ్ 2025 జూన్‌లో వెదర్ ల్యాబ్ అనే సైట్ పెట్టి తన తుఫాను అంచనాలు అందరికీ చూపిస్తోంది. ఆసక్తిగానే ఉంది, ఫాలో అవుతాను. కానీ అలాంటి మోడల్‌ని చూసి లంగరు ఎత్తను. 2023 అక్టోబర్‌లో మెక్సికోలో ఓటిస్ ఒక్క రోజులోపే మామూలు తుఫాను నుంచి కేటగిరీ 5కి వెళ్ళి అకపుల్కో మీద పడింది. ముఖ్యమైన మోడల్స్ ఏవీ దాన్ని అంత బలంగా చూపించలేదు. అక్కడి బేలో పడవలు గుంపులుగా మునిగిపోయాయి.

సిగ్నల్ పోయాక?

తీరం పక్కనే కదా, ఫోన్ చాలదా అంటారు. మా దారిలో అలిగేటర్-పంగో కాలువ అడవి, బురద నేలల మధ్య నుంచి పోతుంది, సిగ్నల్ వీక్. అందుకే గార్మిన్ ఇన్‌రీచ్ మినీ 2 తీసుకుంటున్నాం. ఇరిడియం ఉపగ్రహాలతో పనిచేస్తుంది, మెసేజ్‌లు రెండువైపులా వెళ్తాయి, మెరైన్ వాతావరణ రిపోర్ట్ తెప్పించుకోవచ్చు, ఎస్ఓఎస్ బటన్ ఉంది. పది నిమిషాలకోసారి ట్రాకింగ్ పెడితే 14 రోజుల వరకు బ్యాటరీ అని కంపెనీ లెక్క. సగం వచ్చినా మాకు చాలు. ఐఫోన్ 14 తర్వాతి మోడల్స్‌లో శాటిలైట్ ఎస్ఓఎస్ ఉంది, బ్యాకప్‌గా ఓకే. కానీ ఊగే పడవలో నిలబడి ఫోన్‌ని ఉపగ్రహం వైపు పట్టుకుని ఉండటం, అదీ తడి చేతులతో, తడి స్క్రీన్ మీద... ఊహించుకోండి.

మధ్యలో మన ఇండియా వాళ్ళకి ఒక హెచ్చరిక. ఇన్‌రీచ్‌ని బ్యాగ్‌లో మర్చిపోయి సెలవులకి హైదరాబాద్ వెళ్ళొద్దు. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, ఇలాంటి కమ్యూనికేటర్లు ఇండియాలోకి తేవడం చట్టవిరుద్ధం, విమానాశ్రయాల్లో ప్రయాణికులు అరెస్టయిన సందర్భాలున్నాయి.

స్టార్‌లింక్ మినీ పెట్టుకుందామని ఆయన అన్నారు. సగటున 30 వాట్స్ లాగుతుందనుకుందాం. రోజంతా ఆన్‌లో ఉంటే 720 వాట్ అవర్స్, 12 వోల్టుల దగ్గర 60 యాంపియర్ అవర్స్. 100 యాంపియర్ అవర్స్ లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే ఎక్కువ వాడకూడదు. అంటే ఒక బ్యాటరీ పూర్తిగా దానికే చాలదు. అందుకని రోజుకి రెండుసార్లు, ఔట్‌లుక్ వచ్చాక అరగంట మాత్రమే ఆన్ చేస్తాం. జోరు వానలో సిగ్నల్ తగ్గుతుంది కాబట్టి అసలు అవసరమైన రోజున దాన్ని నమ్ముకోవడం లేదు. ఆ రోజుకి వీహెచ్ఎఫ్ రేడియో ఉంది. వాతావరణ ఛానళ్ళు నిరంతరం మాట్లాడుతుంటాయి, ఛానల్ 16లో కోస్ట్ గార్డ్ వింటుంది, డేటా ప్లాన్ అక్కర్లేదు. దాని వాటర్‌ప్రూఫ్ హ్యాండ్‌హెల్డ్ మోడల్ నా దృష్టిలో ఈ మొత్తం కిట్‌లో పెట్టిన డబ్బుకి బెస్ట్.

ఇంకో ఫ్రీ పరికరం మీ జేబులోనే ఉంది. చాలా ఫోన్లలో బారోమీటర్ సెన్సర్ ఉంటుంది. గంటకోసారి పీడనం రాసే యాప్ ఒకటి వేసుకోండి. ఇంటర్నెట్ లేకపోయినా గీత ఆగకుండా కిందికి పోతుంటే విషయం తెలిసిపోతుంది.

యాప్‌లో లేని విషయాలు

టైడ్ యాప్‌లు ఇక్కడ పనికిరావు. న్యూస్ నదిలో, పామ్లికో సౌండ్‌లో చంద్రుడి వల్ల వచ్చే ఆటుపోట్లు దాదాపు ఉండవు, నీటిమట్టాన్ని పెంచేదీ తగ్గించేదీ గాలే. గాలి ఒకవైపు నుంచి గట్టిగా వీస్తే ఈ ఒడ్డున నీళ్ళు గుట్టలా లేస్తాయి, అవతలి ఒడ్డున పడవ బురదలో కూర్చుంటుంది. గాలి దిక్కు మారితే సీన్ రివర్స్. కాబట్టి దాక్కునే పాయని మ్యాప్‌లో లోతు చూసి కాదు, ఏ దిక్కు గాలికి అది తెరుచుకుని ఉందో చూసి ఎంచుకోవాలి.

వర్జీనియా వైపు నార్త్ ల్యాండింగ్, గ్రేట్ బ్రిడ్జ్ లాంటి చోట్ల వంతెన తెరిస్తేనే మన స్తంభం వెళ్తుంది. తుఫాను దగ్గరపడితే వంతెనలు తెరవరు, జనం కార్లలో ఖాళీ చేసి పోవాలి కదా. ఓడరేవులకి కోస్ట్ గార్డ్ విస్కీ, ఎక్స్‌రే, యాంకీ, జూలూ అని వరసగా 72, 48, 24, 12 గంటల ముందు స్థాయిలు ప్రకటిస్తుంది. జూలూ వచ్చిందంటే పోర్ట్ మూసేసినట్టే. పడవని ఒడ్డుకెత్తే యార్డులు కూడా కోన్ కనిపించిన రోజే నిండిపోతాయి, అందుకే ఆయన జూన్‌లోనే ఒకచోట పేరు రాయించారు.

బీమా కాగితం కూడా చదివాం. సీజన్‌లో ఫలానా అక్షాంశానికి దక్షిణంగా ఉంటే కవర్ కాదు అనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. పేరు పెట్టిన తుఫానుకి డిడక్టబుల్ వేరు, ఎక్కువ కూడా.

ఇక మా ప్లాన్. నాలుగు రోజుల ప్రయాణం, రెండు రోజులు అదనం, మొత్తం ఆరు. ఏడు రోజుల ఔట్‌లుక్‌లో బహామాస్, గల్ఫ్, కరోలినా తీరం దగ్గర పసుపు రంగు కూడా ఉండకూడదు. ఆఫ్రికా వైపు పసుపు ఉంటే ఫరవాలేదు, అక్కడి నుంచి రావడానికి వారం పైనే పడుతుంది. దగ్గర్లో పుట్టేవే రెండు మూడు రోజుల్లో మీద పడతాయి. మధ్యలో ఏదైనా పుడితే బెల్‌హేవెన్ దగ్గర ఆగి, తెరచాపలు పూర్తిగా దించి (చుట్టి వదిలేస్తే గాలికి విప్పుకుంటాయి), తాళ్ళు డబుల్ చేసి, ముగ్గురం కారు అద్దెకి తీసుకుని లోపలికి వెళ్ళిపోతాం. పడవలో ఎవరూ ఉండరు. ఈ మాట మీద ఆయనకీ ఆవిడకీ ఒక సాయంత్రమంతా వాదన జరిగింది. ఆవిడే నెగ్గారు.

సెప్టెంబర్ 30 లోపు అలాంటి ఆరు రోజులు దొరక్కపోతే పడవ కదలదు. మెరీనా వాళ్ళు నెలవారీ రేటుకి అక్టోబర్ కూడా ఇస్తామన్నారు. ఆ డబ్బు స్టార్‌లింక్ కంటే ముందే పక్కన పెట్టాం.